కాలి క్రింది కళ్ళెం: ఇందూరు సీమలో బ్రేకుల చరిత్ర

నిజామాబాదు జిల్లా చరిత్ర చెప్పవలసి వచ్చినప్పుడు మనవారు మొదట నిజాంసాగరాన్ని, దాని వెంట బోధన్ చక్కెర కర్మాగారాన్ని, ఆ రెండింటికన్న ముందు వచ్చిన రైలును పేర్కొంటారు. మూడూ పేర్కొనదగినవే. నీరు పంటను పెంచినది. కర్మాగారం పంటకు వెల కట్టినది. రైలు సరకును దూరదేశాలకు చేర్చినది. కాని ఈ మూడింటి మూలంగా ఈ సీమ బాటల మీద ఎంత బరువు ఎంత వేగంతో కదలసాగినదో, ఆ కదలినదానిని ఆపే భారం ఎవరిమీద పడినదో మన చరిత్రలు చెప్పవు. కదిలించిన శక్తికి శిలాఫలకాలు ఉన్నవి. ఆపిన శక్తికి లేవు. పట్నంలో బ్రేకు అనీ, పల్లెలో బిరేకు అనీ పిలువబడే ఆ రెండవ శక్తిని గురించి ఈ ప్రసంగంలో చెప్పదలచినాము. మా పరిశీలనకు తోచినది ఒక్కటే: ఈ సీమలో మోసే సాధనం ఎప్పుడూ ముందు వచ్చినది, ఆపే సాధనం వెనుకబడినది. ఆ రెండింటి నడుమ ఉన్న ఎడమును పూడ్చినవారు మొదట ఎద్దులు, తరువాత కార్ఖానాలలోని మిస్త్రీలు.

ముందుగా బండి సంగతి. తరతరాలుగా ఇక్కడ బరువు లాగినది ఎద్దుబండి. కఱ్ఱ ఆకుల చక్రం, ఇనుప పట్టా, కందెన పూసిన ఇరుసు. ఇవే దాని యంత్రసామగ్రి. బ్రేకు అనే ప్రత్యేకాంగం మైదానపు బండ్లకు సాధారణంగా ఉండేది కాదు. దాని అవసరమూ తక్కువే. ఇనుప పట్టా దుమ్ములో దిగబడుతూ పోతూంటే బాటయే బ్రేకు. వాగులోనికి దిగవలసి వచ్చినప్పుడు బండివాడు పగ్గాలు బిగించి ఎద్దులను వెనుకకు తగ్గించేవాడు. కాడి ముందుకు జరిగి మెడలను ఒరుసుకొనేది. వెనుకనున్న బరువంతా పశువుల శరీరం మీద ఆగేది. వాలులో బండిని నిలపవలసివస్తే చక్రం క్రింద ఒక రాయి పెట్టేవారు. అంతటితో సరి. బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజ్‌మెంటుకు డైరెక్టరుగా ఉండిన ఆచార్య ఎన్. ఎస్. రామస్వామి 1970లలో ఎద్దుబండ్ల సంస్కరణకై ఉద్యమించినప్పుడు, కాడి క్రింద పశువు మెడ పడే హింసను దేశం ముందు పెట్టినారు. లాగేదీ ఎద్దే, ఆపేదీ ఎద్దే. ఈ రెండవ చాకిరీని మనం లెక్కలో వేసుకొన్నది చాల అరుదు.

ఇందూరు అనే పాత పేరుగల ఈ పట్టణానికి ఇరవయ్యవ శతాబ్దపు తొలి సంవత్సరాలలో సికింద్రాబాదు నుండి మన్మాడు వరకు వేసిన రైలు మార్గం వచ్చినది. 1923లో మంజీరా నది మీద నిజాంసాగరం పని మొదలై 1931లో ముగిసినది. దానికి సూత్రధారి ప్రసిద్ధ ఇంజనీరు నవాబు అలీ నవాజ్ జంగ్. సుమారు 2,75,000 ఎకరాలకు నీరు పారించాలని ఆ నిర్మాణ సంకల్పం. కాలువ వెంట కోస్తా జిల్లాల రైతులు వచ్చి క్యాంపులు కట్టుకొన్నారు. నల్లరేగడిలో చెరకు లేచినది. 1937లో బోధన్ వద్ద నిజాం చక్కెర కర్మాగారం ఏర్పడినది. దాని చుట్టూ శక్కర్‌నగర్ వెలసినది. ఒకప్పుడు దానిని ఆసియాలోకెల్ల పెద్ద చక్కెర కర్మాగారమని చెప్పుకొనేవారు.

చెరకుకు ఒక స్వభావమున్నది. మన కథకు అది ముఖ్యం. వడ్లు కొట్టంలో నెలల తరబడి ఆగుతాయి, పసుపు ఏడాది ఆగుతుంది, చెరకు ఆగదు. కోసిన గడలోని చక్కెర గంట గంటకూ తరిగిపోతుంది. ఒక దినంలోపల గానుగకు చేరితే మేలు, ఆలస్యమైనకొద్దీ నష్టం. కాబట్టి చెరకు ఆడే నెలలలో బండివాడికి గాని, లారీవాడికి గాని, తరువాతి కాలపు ట్రాక్టరువాడికి గాని నెమ్మది అనేది ఖరీదైన వస్తువు. బరువు నిండుగా ఉంటుంది, తొందర ఉంటుంది, చాలమట్టుకు రాత్రి ప్రయాణం ఉంటుంది. ఈ మూడూ కలిసిన చోటనే బ్రేకుకు పరీక్ష.

రబ్బరు టైర్ల బండి వచ్చినప్పుడు రైతులు సంతోషించినారు. మనవారు డన్‌లప్ బండి అని పిలిచిన ఆ బండి మీద అదే జత ఎద్దులు అంతకు మునుపటికన్న ఎక్కువ బరువు లాగగలిగినవి. మంచిదే. అయితే తేలికగా దొర్లే చక్రం తేలికగా ఆగదు. ఇనుప పట్టాకు బాట చేసిన ఉపకారం రబ్బరు చక్రానికి చేయదు. బరువు పెరిగినది, జారుడు పెరిగినది, ఎద్దు మెడ మాత్రం పాతదే.

ఇటువంటి చిక్కే ఇంగ్లండులోని డెర్బీషైరు కొండబాటల మీద మరొకరి కంట పడినది. అక్కడి బండ్లకు చక్రాన్ని ఒత్తే కఱ్ఱ దిమ్మ ఉండేది. ఏటవాలు దిగేటప్పుడు అది త్వరగా అరిగిపోవడమో, వానలో జారిపోవడమో జరిగేది. దాని మీద బండివాండ్లు పాత బూట్ల తోలును మేకులతో కొట్టుకొనేవారని చెబుతారు. అది చూచిన హెర్బర్ట్ ఫ్రూడ్ అనే ఆయన ఘర్షణకు తట్టుకొనే ప్రత్యేకమైన దిమ్మల తయారీకి పూనుకొని 1897లో వ్యాపారం ప్రారంభించినాడు. తన పేరులోని అక్షరాలనే తారుమారు చేసి, భార్య ఎలిజబెత్ పేరులోని తొలి అక్షరాన్ని చేర్చి, ఫెరొడో అని దానికి పేరు పెట్టినాడు. మొదట గుఱ్ఱపు బండ్లకు పుట్టిన ఆ వస్తువే మోటారు కాలంలో ఆస్బెస్టాస్ నారతో కూడిన బ్రేకు లైనింగుగా లోకమంతటా వ్యాపించినది. అంటే నేటి లారీ లైనింగుకు మూలపురుషుడు పాత బూటు అడుగు. ఇది నవ్వుకోదగిన మాటయే గాని అబద్ధం కాదు.

హైదరాబాదు సంస్థానంలో ప్రజల మోటారు ప్రయాణానికి 1932 గుర్తుంచుకోదగిన సంవత్సరం. ఆ యేడు నిజాం స్టేట్ రైల్వే తన అంగంగా రోడ్డు రవాణా శాఖను నెలకొల్పినది. 27 బస్సులు, 166 మంది ఉద్యోగులు: ఇదీ తొలినాటి బలగం. స్కాట్లండులో తయారైన ఆల్బియన్ బస్సులు ఆనాటివి. 1951లో ఆ శాఖ హైదరాబాదు రాష్ట్ర ప్రభుత్వం క్రిందికి వచ్చినది. 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ రోడ్డు రవాణా సంస్థ ఏర్పడినది. బస్సుల శాఖ రైల్వే కడుపున పుట్టినదనే విషయాన్ని మేము ప్రత్యేకంగా ఎత్తి చూపుతున్నాము. రైలు ప్రపంచం బ్రేకు గుణపాఠాన్ని మోటారుకన్న చాల ముందుగానే నేర్చుకొన్నది. అమెరికాలో జార్జి వెస్టింగ్‌హౌస్ గాలి బ్రేకును 1869 నాటికే కల్పించినాడు. బండి కదలకముందే బ్రేకు పరీక్షించడం, చూచినట్లు వ్రాసిపెట్టడం రైల్వేలో నిత్యకృత్యం. సొంత డిపో, సొంత కార్ఖానా, వంతుల ప్రకారం తనిఖీ అనే పద్ధతి బస్సులకు పుట్టుకతోనే అబ్బినది. ఒక్క లారీ కొని తానే యజమానియు, తానే డ్రైవరును అయినవాడికి ఆ పద్ధతి ఎక్కడిది? అతడికి దిక్కు ఊరి చివర రోడ్డు ప్రక్కనున్న మిస్త్రీయే.

మోటారు బ్రేకు ఎలా పెరిగినదో క్లుప్తంగా చెబుతాము. చక్రంతోపాటు తిరిగే ఇనుప డ్రమ్ము, దాని లోపల వెడల్పుగా తెరుచుకొని ఒత్తే రెండు షూలు. ఈ ఏర్పాటును 1902లో ఫ్రాన్సులో లూయీ రెనో రూపొందించినాడు. మొదట పెడలు నుండి షూ వరకు కమ్ములు, తీగెలు ఉండేవి. నాలుగు చక్రాలకూ సమానంగా లాగు కుదరక బండి ప్రక్కకు ఈడ్చేది. ఆ లోపాన్ని తీర్చడానికి కమ్మికి బదులు గొట్టంలో ద్రవాన్ని నింపి ఒత్తిడి పంపే ఉపాయాన్ని మాల్కం లాహెడ్ కనిపెట్టగా, 1921లో అమెరికాలోని డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ దానితోనే వెలువడినది. ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని దిక్కులకూ సమంగా పోతుందని బడిలో చదువుకొన్న పాస్కల్ సూత్రం ఇక్కడ పాదం క్రింద పని చేస్తుంది.

ఆ గొట్టాలలోని తొలినాటి బ్రేకు నూనె ఏమిటో తెలిస్తే మనవారికి వింతగా ఉంటుంది. అది ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపిన మిశ్రమం. ఆముదం తెలంగాణ మెట్ట పొలాల పాత పంట. ఆల్కహాలో, బోధన్ కర్మాగారంలో చక్కెర తీయగా మిగిలిన మడ్డి నుండి అనుబంధ డిస్టిలరీలో తీసేవారు. రెండు దినుసులూ ఇంటనే ఉన్నవి. బ్రేకు నూనె మాత్రం సీలు వేసిన డబ్బాలో అంగడికి వచ్చేది. ఇప్పటి బ్రేకు నూనె వేరు. గ్లైకాల్ జాతి ద్రవాల నుండి తయారైనది. దానికి గాలిలోని తేమను పీల్చుకొనే దుర్గుణమున్నది. డాట్ 3 అనే రకం కొత్తదిగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెంటీగ్రేడు వరకు మరగకూడదని నియమం. తేమ పట్టిన తరువాత ఆ హద్దు 140కి దిగిపోతుంది. మరిగితే ఆవిరి పుడుతుంది. ఆవిరి నొక్కుడుకు లొంగిపోతుంది. పెడలు నేలను తాకినా బండి ఆగదు.

అంత వేడి ఎక్కడినుండి వస్తుందని శ్రోతలు అడుగవచ్చును. బ్రేకు చేసే పని బండి వేగాన్ని వేడిగా మార్చడమే. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగింతలవుతుంది. గంటకు 4 కిలోమీటర్లు నడిచే ఎద్దుబండి బరువునే గంటకు 40 కిలోమీటర్లకు ఎక్కిస్తే నూరింతలు. 16 టన్నుల లారీ గంటకు 60 కిలోమీటర్ల వేగంలో ఉండగా ఒక్కసారి ఆపితే పుట్టే వేడితో ఏడు లీటర్లకు పైగా చన్నీటిని మరుగు దాకా కాచవచ్చును. నిజామాబాదు సీమ చాలమట్టుకు చదును కాబట్టి ఇది అంతగా తెలిసిరాదు. కాని బోధన్ సరకు ఉత్తరానికి పోవాలంటే గోదావరి దాటి, నిర్మల్ మీదుగా మహబూబ్ ఘాట్ ఎక్కి దిగవలసినదే. అదే లారీ నిలువున 100 మీటర్ల ఎత్తు దిగేటప్పుడు వేగం పెరగకుండా బ్రేకు మీదనే పట్టి ఉంచితే, యాభై లీటర్ల నీటిని మరుగు దాకా తేగల వేడి ఆ డ్రమ్ములలో పుడుతుంది. పాత డ్రైవర్లు ఎక్కిన గేరులోనే దిగాలని చెప్పే మాట వట్టి ఆచారం కాదు. ఇంజను సగం భారం మోస్తే డ్రమ్ములు బ్రదుకుతాయి. గేరు వదలి, డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో జారవిడిచేవాడు ఆ మిగులును లైనింగు రూపంలో చెల్లిస్తాడు. ఒక్కొక్కప్పుడు అంతకన్న పెద్ద వెల చెల్లిస్తాడు.

ఇక కార్ఖానా. నిజామాబాదులో బోధన్ రోడ్డు పొడుగునా, బోధన్‌లో బస్సుల దారిని ఆనుకొని ఇటువంటివి ఎన్నో వెలసినవి. భాష సగం ఉర్దూ, సగం తెలుగు. పెద్దవాడు ఉస్తాద్, పనిముట్టు పానా, బడి మానిన పిల్లవాడు పెడలు దగ్గర. గొట్టాలలో చొరబడిన గాలిని తీసే పని ఇద్దరు చేయవలసినది. ఉస్తాద్ బండి క్రింద పడుకొని, మాస్టర్ సిలిండరుకు అన్నిటికన్న దూరమైన చక్రం వద్ద మొదలుపెడతాడు. "పంపు కొట్టురా" అంటే పిల్లవాడు పెడలును నాలుగైదుసార్లు తొక్కుతాడు. "పట్టు" అంటే అదిమి పట్టి ఉంచుతాడు. క్రింద మర వదులు కాగానే నురగ కలిసిన నూనె చిమ్ముతుంది. మర బిగిసిన తరువాతనే కాలు తీయాలి. ముందే తీసినాడా, పోయిన గాలి తిరిగి లోపలికి వచ్చినట్లే. బుడగలు మాని నూనె ఒకే ధారగా వచ్చేదాకా ఈ మాటలే నడుస్తాయి. మేము చూచినంతలో ఈ పనిలో తొందరపడే ఉస్తాద్ లేడు.

లైనింగు మార్చడం మరింత నేర్పుగల పని. అరిగినదాని రివిట్లను తొలిచి తీసి, షూను తోమి, కొత్త లైనింగును నడిమి నుండి అంచుల వైపు రివిట్లు కొడుతూ పోవాలి. అంచుల నుండి మొదలుపెడితే నడుమ ఉబ్బి, కొంతభాగమే డ్రమ్మును తాకుతుంది. రివిటు తల లైనింగు లోపలికి దిగి ఉండాలి. లైనింగు రివిటు మట్టానికి అరిగిన తరువాత కూడ బండి తిప్పితే లోహం లోహాన్ని గీకుతుంది. అప్పుడు డ్రమ్మును లేత్ మీద చెక్కించడం తప్పదు. చెక్కించిన కొద్దీ డ్రమ్ము పలుచబడి, వేడికి ముందే లొంగుతుంది. నూరు రూపాయల పనిని వాయిదా వేసి వేయి రూపాయల పని తెచ్చుకొనడం ఇదే. మరొక చిన్న సంగతి. మాస్టర్ సిలిండరులోని రబ్బరు కప్పులను పెట్రోలుతోనో కిరోసినుతోనో కడుగరాదు, బ్రేకు నూనె తక్కువైనదని ఇంజను నూనె పోయరాదు. ఆ నూనెలు తగిలితే రబ్బరు ఉబ్బి బిగుసుకొంటుంది. దీనిని కొందరు పుస్తకంలో చదివినారు. ఎక్కువమంది రోడ్డు మీద నేర్చుకొన్నారు.

స్వాతంత్ర్యం తరువాత కొంతకాలం బ్రేకు విడిభాగాలకు మన దేశం దిగుమతి మీదనే ఆధారపడినది. 1962లో మద్రాసు వద్ద పాడిలో బ్రేక్స్ ఇండియా సంస్థ ఏర్పడినది. లైనింగుల తయారీకి తరువాత రాణే వంటి సంస్థలు వచ్చినవి. నిజామాబాదు మిస్త్రీకి కొలతకు సరిపోయే లైనింగు పెట్టెలో దొరకడం అప్పటినుండి క్రమంగా అలవాటైనది. అంతకుముందు పెద్ద బండి లైనింగును కోసి చిన్న బండికి అతికించిన చేతులే ఎక్కువ. ఆ చేతుల నేర్పును మేము కొనియాడుతాము గాని, ఆ అవసరాన్ని కొనియాడలేము.

చెరకు పొలంలోనికి ట్రాక్టరు వచ్చినప్పుడు పాత చిక్కు కొత్త రూపంలో తిరిగివచ్చినది. ట్రాక్టరుకు ఎడమ చక్రానికి ఒక పెడలు, కుడి చక్రానికి ఒక పెడలు ఉంటాయి. చాలు చివర చటుక్కున మలగడానికి ఒక్కదానినే తొక్కుతారు. రోడ్డు ఎక్కగానే రెండింటినీ కలిపే గొళ్ళెం వేయాలి. మరచి, వేగంలో ఒక్క పెడలే కాలికి తగిలితే బండి అడ్డం తిరుగుతుంది. వరి మడి దమ్ము చేసివచ్చిన ట్రాక్టరు బ్రేకులో బురదనీరు చేరి ఉంటే రెండు చక్రాలూ ఒకేలా పట్టవు. తరువాతి కాలంలో నూనెలో మునిగి ఉండే బ్రేకులు వచ్చి ఈ బాధను తగ్గించినవి. కాని వెనుకనున్న ట్రాలీకి, పలుచోట్ల రెండు ట్రాలీలకు, సొంత బ్రేకు లేకపోవడం నేటికీ సామాన్యం. ట్రాక్టరు ఆగుతుంది, టన్నుల కొలది చెరకు ఆగదు. వెనుకనుండి నెట్టి ట్రాక్టరును ప్రక్కకు మడచివేస్తుంది. వాగు దిగే బండిలో ఎద్దు మెడ మీద పడిన బరువే ఇప్పుడు ట్రాక్టరు కొక్కెం మీద పడుతున్నది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాలు కాలి బ్రేకు, నిలుపు బ్రేకు అని రెండు వేరువేరు ఏర్పాట్లను మోటారు బండ్లకు విధించినవి; పొలం నుండి గానుగ దాకా పోయే ట్రాలీ దగ్గరకు వచ్చేసరికి నియమం కాగితం మీదనే ఆగిపోతున్నదని మా అభిప్రాయం.

బోధన్ కర్మాగారం 2002లో ప్రైవేటు యాజమాన్యం క్రిందికి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతపడినది. చెరకు పలుచబడినది. అయినా బాటల మీద బరువు తగ్గలేదు. వరి లారీలు, నిజామాబాదు మార్కెట్టుకు వచ్చే పసుపు బండ్లు, సాలూర వద్ద మంజీరా వంతెన దాటి మహారాష్ట్రకు పోయేవీ ఆ కార్ఖానాల ముందే ఆగుతున్నవి.

మిస్త్రీల చేతిపనిని ఇంత చెప్పి వారి ఊపిరిని గురించి చెప్పకపోవడం న్యాయం కాదు. ఫ్రూడ్ కాలం నుండి లైనింగులకు వేడిని తట్టుకొనే గుణమిచ్చినది ఆస్బెస్టాస్. మన కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో ఈ ఖనిజపు గనులుండేవి. దాని నార కంటికి కనిపించనంత సన్నగా విడిపోయి ఊపిరితిత్తులలో నిలిచిపోతుంది. రోగం బయటపడడానికి ఇరవై, ముప్పై ఏండ్లు పట్టవచ్చును. అన్ని రకాల ఆస్బెస్టాసూ క్యాన్సరు కారకమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుతున్నది. 1995లో మన సుప్రీంకోర్టు ఆస్బెస్టాస్ కార్మికుల ఆరోగ్య రక్షణకై తీర్పు చెప్పినది. అది గనులకు, ఫ్యాక్టరీలకు చేరినంతగా రోడ్డు ప్రక్క కార్ఖానాకు చేరలేదు. అక్కడ డ్రమ్ము విప్పగానే మొదట చేసే పని గాలి గొట్టంతో లోపలి నల్లని దుమ్మును ఊదివేయడం. ఆ మబ్బులో ముందుగా నిలిచేది పిల్లవాడు; తరువాత ఉస్తాద్; చివరకు బండి యజమాని, టీ తెచ్చిన మనిషి కూడ.

ఊదడానికి బదులు తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను తడిగానే సంచిలో కట్టి పారవేయడానికి ఖర్చు దాదాపు లేదు. ఆస్బెస్టాస్ లేదని పెట్టె మీద ముద్రించిన లైనింగులు ఇప్పుడు అంగడిలో దొరుకుతున్నవి. వెల కొంచెం ఎక్కువ. పాత లారీ డ్రమ్ములో మాత్రం లోపల అరిగినది ఏ రకపు లైనింగో చూపుతో తేల్చడం ఎంతటి ఉస్తాద్‌కైనా సాధ్యం కాదు. కాబట్టి అక్కడ అన్నింటికీ తడిగుడ్డయే.